గరుకుదనం ఎవరిది? – బ్లూస్, గరాజ్ రాక్ రికార్డులు

మిల్వాకీ నగరానికి ఉత్తరాన ఇరవై మైళ్ళ దూరంలో గ్రాఫ్టన్ అనే చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో ఒకప్పుడు గ్రామఫోను రికార్డులు అచ్చువేసే కర్మాగారం ఉండేది. దాని యజమానులు సంగీతవ్యాపారులు కారు. పక్కనే పోర్ట్ వాషింగ్టన్‌లో కుర్చీలు చేసి అమ్మే విస్కాన్సిన్ ఛైర్ కంపెనీ వారు. కుర్చీలతోపాటు గ్రామఫోను పెట్టెలు కూడా చేయడం మొదలుపెట్టాక, పెట్టె కొన్నవారికి అందులో వేసుకోవడానికి ప్లేట్లు కావాలి కదా అని, 1917 ప్రాంతంలో పారమౌంట్ అన్న పేరుతో రికార్డుల వ్యాపారంలోకి దిగారు. ఛార్లీ పాటన్, సన్ హౌస్, స్కిప్ జేమ్స్ వంటి మిసిసిపీ బ్లూస్ గాయకుల తొలి రికార్డులన్నీ ఈ కుర్చీల కంపెనీ చలవే. చవకరకం లక్కతో ప్లేట్లు అచ్చువేయడంలో కూడా ఈ కంపెనీదే పేరు. 1932లో ధ్వనిముద్రణ ఆగిపోయేనాటికి ఆ ప్లేట్లు ఎంత గొప్ప సంగీతాన్ని మోశాయో, అంత గరగరను కూడా మోశాయి.

ఆ పాటలు మొదటిసారి విన్నప్పుడు నేను ఆ గరగరకే ముగ్ధుణ్ణయ్యానని ఒప్పుకోవాలి. సూది కింద ఇసుక పోసినట్టు వినిపించే ఆ రొద వెనక నుంచి వచ్చే గొంతు ఏదో ఆదిమకాలం నుంచి, ఏ శిక్షణా ఏ ఆలోచనా లేని ఒక దుఃఖపు ఊట నుంచి వస్తున్నట్టు తోచింది. ‘ఇదీ నిజాయితీ’ అనుకున్నాను. అరవైల గరాజ్ రాక్ రికార్డులు విన్నప్పుడు కూడా అదే మాట అనుకున్నాను. చాలాకాలం తర్వాత గాని, నేను మెచ్చుకున్నదానిలో సగం గాయకుడిది కాదనీ, అది ఆ కంపెనీ పొదుపుదనీ అర్థం కాలేదు. ఈ వ్యాసంలో అడగదలచుకున్న ప్రశ్న అదే: రికార్డులో వినిపించే గరుకుదనం ఎవరిది? అది మూడు రకాలని నా అభిప్రాయం. ఒకటి విధించినది, రెండోది దొరికినది, మూడోది ఎంచుకున్నది. ఈ మూడింటినీ కలగలిపి వినడం వల్ల మనం సంగీతాన్ని తప్పుగా అర్థం చేసుకోవడమే కాదు, సంగీతకారులకు అన్యాయం కూడా చేస్తున్నాం.

విధించినది

1920 ఆగస్టులో మామీ స్మిత్ పాడిన ‘క్రేజీ బ్లూస్’ విపరీతంగా అమ్ముడుపోవడంతో, ఆఫ్రికన్ అమెరికన్లు కూడా రికార్డులు కొంటారన్న సంగతి కంపెనీలకు తెలిసివచ్చింది. అప్పటినుంచి ‘రేస్ రికార్డ్స్’ అన్న పేరుతో వారికోసం ప్రత్యేకమైన జాబితాలు వెలువడ్డాయి. ఆ జాబితాల్లో పారమౌంట్‌ది ముఖ్యమైన స్థానం. దక్షిణాదిలో గాయకులను వెతికి పంపే బాధ్యత స్థానిక వ్యాపారులది. మిసిసిపీలోని జాక్సన్‌లో సంగీతపరికరాల దుకాణం నడిపిన హెచ్. సి. స్పైర్ అలాంటివాడు. పాటన్‌నీ, స్కిప్ జేమ్స్‌నీ గుర్తించినది అతనే.

1931 ఫిబ్రవరిలో స్కిప్ జేమ్స్ రైలెక్కి గ్రాఫ్టన్ వెళ్ళి, గిటారుతో కొన్ని, పియానోతో కొన్ని పాటలు పాడాడు. వాటిలో పద్ధెనిమిది మనకు మిగిలాయి. గరగరను కాసేపు పక్కకు నెట్టి వింటే వాటిలో ఆదిమత్వం ఎక్కడా కనిపించదు. కనిపించేదల్లా అతి జాగ్రత్తగా చెక్కిన పనితనం. ఆయన తన గిటారు తీగలను సాధారణ పద్ధతిలో శ్రుతి చేయలేదు. మన స్వరాల పేర్లతో చెప్పాలంటే, ఆరు తీగలూ వరుసగా షడ్జమం, పంచమం, షడ్జమం, సాధారణగాంధారం, పంచమం, షడ్జమం. ఊరికే మీటినా విషాదం పలికే శ్రుతి అది. దానిమీద ఎక్కడో పైస్థాయిలో సన్నని దొంగగొంతుతో ఆయన ‘డెవిల్ గాట్ మై ఉమన్’ పాడతాడు. అదే మనిషి ‘అయామ్ సో గ్లాడ్’ పాటలో వేళ్ళను నమ్మలేనంత వేగంగా పరుగెత్తిస్తాడు. ఈ రెండో పాటకు మూలం ఆ రోజుల్లో జనాదరణ పొందిన ఒక నగరగీతం. అలసటను గురించిన ఆ పాటను సంతోషాన్ని గురించిన పాటగా మార్చి, ఆ సంతోషాన్ని మాత్రం ఎవరూ నమ్మలేనంత దిగులు గొంతుతో పాడాడు. ఇది తెలిసి చేసిన పని. తెలియకుండా పొంగుకొచ్చినది కాదు.

అయినా మనకు ఆ తెలివి వెంటనే వినిపించదు. ఎందుకని? దీనికి జవాబు మన అనుభవంలోనే ఉంది. పాత తెలుగు నాటకపద్యాల రికార్డులను ఇంట్లో పెద్దవాళ్ళు వినడం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. వాటిలోనూ గరగర తక్కువేమీ కాదు. అయినా వింటున్నవారెవరూ ‘ఆహా, ఎంత మోటుగా, ఎంత నిజాయితీగా ఉంది!’ అని మెచ్చుకోలేదు. వారికి రాగం తెలుసు, పద్యం తెలుసు, ఎక్కడ ఎత్తుకోవాలో ఎక్కడ నిలపాలో తెలుసు. అందువల్ల రొదను దాటి పాటను విన్నారు. ‘ప్లేటు అరిగిపోయింది గాని, ఆ రాగాలాపన చూడు’ అన్నారు. వ్యాకరణం తెలిసినవాడికి రొద అడ్డు. తెలియనివాడికి రొదే అలంకారం. బ్లూస్ విషయంలో మనం రెండోరకం శ్రోతలం.

ఆ వ్యాకరణం కష్టమైనది కాదు. నాలుగేసి మాత్రల ఆవృత్తాలు పన్నెండు. షడ్జమం, శుద్ధమధ్యమం, పంచమం ఆధారంగా నిలిచే మూడు స్వరగుచ్ఛాలు. ఒక పాదం పాడి, అదే పాదాన్ని మళ్ళీ పాడి, మూడో పాదంతో దానికి జవాబు చెప్పడం ఒక చరణం. రెండోసారి పాడినప్పుడు మాట అదే అయినా కింద ఉన్న ఆధారం మారుతుంది గనుక అర్థం బరువెక్కుతుంది. గాంధారం సాధారణమూ కాక, అంతరమూ కాక, ఆ రెంటి నడుమ ఎక్కడో ఊగుతుంది. సీసా మెడనో చాకునో తీగలమీద జార్చి ఆ నడిమి స్థానాలను పట్టుకునే పద్ధతి కూడా ఉంది. గోటువాద్యం విన్నవారికి ఆ జారుడులోని సుఖం వేరే చెప్పనక్కరలేదు. ఇంత తెలిశాక మళ్ళీ వింటే గరగర వెనక్కి వెళుతుంది, మనిషి ముందుకు వస్తాడు.

రికార్డు విధించినది రొద ఒక్కటే కాదు. పది అంగుళాల ప్లేటు ఒక పక్కన పట్టేది మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే. తోటపనివారి శనివారపు విందుల్లో నాట్యం ఆగేదాకా సాగే పాట అక్కడ కత్తిరించబడింది. సన్ హౌస్ ‘ప్రీచిన్ ద బ్లూస్’ ప్లేటుకు రెండువైపులా రెండు భాగాలుగా వెలువడింది. మనం ‘క్లుప్తత’ అని మెచ్చుకునేది కూడా కొంతవరకు లక్క పుణ్యమే.

దొరికినది

1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌లోని సామ్ ఫిలిప్స్ స్టూడియోకు కారులో వెళ్ళింది. దారిలో గిటారు యాంప్లిఫయర్ దెబ్బతింది. కారుపై నుంచి పడిందని కొందరు, వానకు తడిసిందని కొందరు చెబుతారు. స్పీకరు చిరిగింది. ఫిలిప్స్ దానిలో కాగితాలు కుక్కి, అలాగే వాయించమన్నాడు. ‘రాకెట్ 88’ అన్న ఆ రికార్డులో విలీ కిజార్ట్ గిటారు తేనెటీగల గుంపులా రొదపెడుతూ మోగింది. ఆ రోదే వినేవాళ్ళను పట్టేసింది. ఇక్కడ గరుకుదనం ఎవరూ కోరుకున్నది కాదు. కాని దొరికినదాన్ని పారేయకుండా ఉంచుకోవడం ఒక నిర్ణయం. ఆ రికార్డు మీద టర్నర్ పేరు గాని, ఆయన బృందం పేరు గాని లేవు. పాడిన జాకీ బ్రెన్‌స్టన్ పేరుతో ఒక లేని బృందాన్ని సృష్టించి అచ్చువేశారు. రొద నిలిచింది, పేరు పోయింది. ఈ రెండు విషయాలూ ఈ కథలో తరచూ కలిసే నడుస్తాయి.

గరాజ్ రాక్ చరిత్రలో దీనికి జోడీ ‘లూయీ లూయీ’. రిచర్డ్ బెరీ అనే నల్లజాతి గాయకుడు లాస్ ఏంజలస్‌లో 1955లో ఈ పాట రాసి, 1957లో రికార్డుగా వెలువరించాడు. దాని ఎత్తుగడను ఒక లాటిన్ నాట్యగీతం నుంచి తీసుకున్నాడు. ఇంటికి చేరాలని ఆరాటపడే ఒక నావికుడు తన ప్రేయసిని గురించి సారాయి దుకాణదారుతో చెప్పుకోవడం పాట విషయం. 1959లో, పెళ్ళి ఖర్చులకోసం, బెరీ దీని హక్కులను 750 డాలర్లకు అమ్మేశాడు. 1963 ఏప్రిల్‌లో పోర్ట్‌లండ్ నగరపు కుర్రాళ్ళ బృందం ద కింగ్స్‌మెన్ దీన్ని ఒక చిన్న స్టూడియోలో ఏభై డాలర్లకు మించని ఖర్చుతో రికార్డు చేసింది. పాడిన జాక్ ఈలీ పైన ఎక్కడో వేలాడుతున్న మైకు వైపు మెడ ఎత్తి అరవవలసి వచ్చింది. గిటారు వాదన తర్వాత తొందరపడి ముందే ఎత్తుకుని, తప్పు తెలుసుకుని ఆగిపోయాడు. ఆ తప్పు అలాగే రికార్డులో ఉండిపోయింది. తర్వాత ఆ పాట వాయించిన కుర్రాళ్ళ బృందాలు ఆ తప్పును కూడా భక్తిగా నేర్చుకున్నాయి.

మాటలు అర్థం కాకపోవడంతో అందులో బూతులున్నాయని పుకారు పుట్టింది. ఇండియానా గవర్నరుకు ఫిర్యాదులు వెళ్ళాయి. ఎఫ్‌బీఐ నెలల తరబడి దర్యాప్తు జరిపి, రికార్డును రకరకాల వేగాల్లో తిప్పి విని, చివరకు ఏ వేగంలోనూ మాటలు అర్థం కావడం లేదని తేల్చింది. నాకు ఇందులో హాస్యం కన్నా ఎక్కువగా కనిపించేది మరొకటి. ఆ పాటను బెరీ స్వయంగా పాడిన రికార్డు ఆరేళ్ళ ముందే ఉంది. అందులో ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తుంది. ఆ గొంతును వినాలని దేశంలో ఎవరికీ తోచలేదు. అస్పష్టతకు అంత ప్రచారం వచ్చింది; స్పష్టంగా పాడినవాడు ఎవరికీ పట్టలేదు. ఈలీ గతి కూడా అంతే. దేశమంతా ఆ పాట మోగే నాటికి ఆయన ఆ బృందంలోనే లేడు.

ఎంచుకున్నది

దొరికిన గరుకుదనం బాగుందని తెలిశాక, దాన్ని కావాలని తయారుచేసే రోజులు వచ్చాయి. లింక్ రే 1958లో ‘రంబుల్’ కోసం తన స్పీకరు కాగితానికి పెన్సిలుతో పొడిచి రంధ్రాలు చేశాడని ప్రసిద్ధి. టకోమా నగరపు ద సానిక్స్ బృందం 1965లో వెలువరించిన తొలి ఆల్బంలో డ్రమ్ములూ, గొంతూ, సాక్సఫోనూ అన్నీ పరికరాల హద్దు దాటి మోగుతాయి. వీళ్ళ వెనక ఒక వింత ప్రయాణం ఉంది. సన్ హౌస్‌ను దగ్గరగా చూసి నేర్చుకున్న మడీ వాటర్స్ మిసిసిపీ వదిలి షికాగో చేరి గిటారుకు విద్యుత్తు తగిలించాడు. ఆయన పాట పేరునే లండన్ కుర్రాళ్ళు తమ బృందానికి పెట్టుకుని రోలింగ్ స్టోన్స్ అయ్యారు. వాళ్ళు అమెరికా వచ్చి వాయించాక, అమెరికన్ శివారు వీధుల్లోని శ్వేతజాతి కుర్రాళ్ళు కారు షెడ్లలో గిటార్లు పట్టుకున్నారు. తమ దేశంలోనే పుట్టిన సంగీతం చాలామందికి సముద్రం దాటి తిరిగొచ్చాక గాని వినబడలేదు. 1972లో లెనీ కే ఇలాంటి బృందాల పాటలు ఇరవైయేడు ఏరి ‘నగ్గెట్స్’ అన్న సంకలనంగా కూర్చాడు. కొన్నేళ్ళ క్రితం ఒక్కో ఊళ్ళో వెలిగి ఆరిపోయిన రికార్డులకు ఒక చరిత్ర ఏర్పడింది అప్పుడే.

ఈ ఎంపిక సంపూర్ణంగా కనిపించేది డెట్రాయిట్ జంట ద వైట్ స్ట్రైప్స్‌లో. ‘ఎలిఫెంట్’ ఆల్బంను వాళ్ళు లండన్‌లోని టో రాగ్ అనే స్టూడియోలో, పాత యంత్రాలపై, ఎనిమిది ట్రాకుల టేపుమీద రికార్డు చేశారు. 2003లో వెలువడిన ఆ ఆల్బంకు కంప్యూటరు వాడలేదని అట్టమీదే ప్రకటించారు. దీన్ని వేషమని తీసిపారేయడం సులభం. నేను అలా అనను. మంచి యంత్రం లేక చెడ్డదానిలో పాడటం వేరు. మంచి యంత్రం చేతిలో ఉండి పాతదాన్ని కోరుకోవడం వేరు. రెండోది కళాకారుడి హక్కు. కాని ఆ రెండూ ఒకటేనని నమ్మినప్పుడు, పేదరికాన్ని శైలిగా పొరబడతాం. అప్పుడు స్కిప్ జేమ్స్‌కు కూడా ఆ గరగర ఇష్టమేనన్నట్టు మాట్లాడతాం. ఆయనను ఎవరూ అడగలేదు.

వైట్ స్ట్రైప్స్ గొప్పతనం రొదలో లేదు. 2000లో ‘డి స్టైల్’ ఆల్బంలో వాళ్ళు పాడిన సన్ హౌస్ పాట ‘డెత్ లెటర్’ వినండి. సన్ హౌస్ 1965లో ఈ పాటను లోహపు గిటారుతో పాడినప్పుడు కాలి దరువు, జారే తీగ, గొంతు – ఈ మూడే ఉన్నాయి. వాటి మధ్య ఖాళీ చాలా ఉంది. ఉత్తరం అందుకున్న మనిషి ఉలికిపాటు ఆ ఖాళీలో ఉంది. జాక్ వైట్ గిటారు ఎంత గట్టిగా అరిచినా, మెగ్ వైట్ డ్రమ్ములు ఆ కాలి దరువును మించి ఒక్క దెబ్బా అదనంగా వేయవు. ఆమెకు వాయించడం రాదని ఎద్దేవా చేసినవారు ఈ సంయమనాన్ని గమనించలేదు. ఇది సన్ హౌస్ రికార్డులోని రొదను కాక, నిర్మాణాన్ని చదివిన పాట. అందుకే నిలబడింది.

పేరు, డబ్బు

ఇక్కడితో ఆగితే ఇది రసజ్ఞతకు సంబంధించిన చర్చగా మిగిలిపోతుంది. కాని విషయం అంతకన్నా బరువైనది. ఒక పాటను ఆదిమమైన ఊటగా భావిస్తే, ఊటకు యజమాని ఉండడు. ఎవరైనా దోసిలిపట్టవచ్చు. ఒక మనిషి ఆలోచించి చేసిన పనిగా భావిస్తే, అతనికి పేరూ ప్రతిఫలమూ ఇవ్వవలసి ఉంటుంది.

1964లో బ్లూస్ అభిమానులు కొందరు స్కిప్ జేమ్స్‌ను మిసిసిపీలో టునికా ఆసుపత్రిలో కనుక్కున్నారు. అదే సంవత్సరం మరికొందరు సన్ హౌస్‌ను న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో కనుక్కున్నారు. ఆయన గిటారు వదిలేసి చాలా ఏళ్ళయింది. తన పాటలే తనకు గుర్తులేవు. అలన్ విల్సన్ అనే యువకుడు, ఆ పాత రికార్డులు విని నేర్చుకున్నవాడు, ఎదురుగా కూర్చుని ఆయన పాటలను ఆయనకే మళ్ళీ నేర్పించాడు. కుర్చీల కంపెనీ అచ్చువేసిన అరిగిన ప్లేటు ఒక కుర్రవాడి ద్వారా తిరిగి ఆ పాట కట్టినవాడి వేళ్ళలోకి చేరింది. రికార్డు చేసిన మేలు ఇంతకన్నా గొప్పగా మరెక్కడా కనిపించదు. కాని ముప్పై ఏళ్ళపాటు ఆ ప్లేటుకు ఉన్న విలువ ఆ మనిషికి లేదన్న సంగతి కూడా ఇందులోనే ఉంది.

1966లో ఇంగ్లండు బృందం క్రీమ్ ‘అయామ్ సో గ్లాడ్’ పాడింది. సంగీతపరంగా దాన్ని నేను మెచ్చుకోలేను. జేమ్స్ గొంతులోని నమ్మలేని సంతోషం అక్కడ నిజంగానే సంతోషమైపోయింది. పాటలోని వ్యంగ్యం ఆవిరైంది. కాని వాళ్ళు రచయితగా స్కిప్ జేమ్స్ పేరు వేశారు. ఆ రాయల్టీలు జబ్బుతో ఉన్న ఆయన చివరి సంవత్సరాలలో అక్కరకు వచ్చాయి. 1969లో ఆయన మరణించాడు. పాటకు చేసిన న్యాయం, పాట కట్టినవాడికి చేసిన న్యాయం ఎప్పుడూ కలిసి నడవవని ఈ ఉదాహరణ చెబుతుంది. విమర్శకుడు రెండింటినీ విడివిడిగా లెక్కకట్టాలి. రిచర్డ్ బెరీకి తన పాట హక్కుల్లో భాగం తిరిగి దక్కింది 1980లలో, ఒక పానీయం ప్రకటనకు ఆయన సంతకం అవసరమైనప్పుడు.

ఈ రెండు న్యాయాలూ దగ్గరగా వచ్చిన సందర్భం ఒకటి ఉత్తర మిసిసిపీ కొండప్రాంతపు బ్లూస్‌లో దొరుకుతుంది. జూనియర్ కింబ్రో, ఆర్. ఎల్. బర్న్‌సైడ్ ఈ సంప్రదాయంలో పెద్దలు. పన్నెండు ఆవృత్తాల చట్రం వీరికి పట్టదు. తంబురా మీద ఆలాపనలా ఒకే ఆధారస్వరం చుట్టూ పాట గంటల తరబడి తిరుగుతుంది. తొంభైలలో ఫాట్ పాసమ్ సంస్థ వీరిని రికార్డు చేసింది. కింబ్రో తొలి ఆల్బం 1992లో ఆయన సొంత నాట్యశాలలోనే రూపుదిద్దుకుంది. సంస్థ వీరి సంగీతాన్ని పాలిష్ చేయకుండా వదిలింది, అది మేలు. ప్రచారంలో మాత్రం వీరి జీవితాల్లోని మోటుతనాన్నే ముందుకు తోసిందన్న విమర్శను కాదనలేం. ఒహాయోలోని ఆక్రన్‌లో ఒక నేలమాళిగలో మొదలైన ద బ్లాక్ కీస్ 2006లో కింబ్రో పాటలతోనే ఒక రికార్డు చేశారు. 2021లో వచ్చిన ‘డెల్టా క్రీమ్’లో ఇంకో అడుగు ముందుకు వేసి, బర్న్‌సైడ్‌తో ఏళ్ళ తరబడి వాయించిన కెనీ బ్రౌన్‌ను, కింబ్రోతో వాయించిన ఎరిక్ డీటన్‌ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ ఆల్బంలో గరుకుదనం తక్కువ. తొందర అసలే లేదు. లయ ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి శిష్యుల ముందే దాన్ని వాయించడంలోని వినయం ప్రతి పాటలోనూ వినిపిస్తుంది. బ్లాక్ కీస్ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

తిరిగి గ్రాఫ్టన్‌కు వద్దాం. 2013, 2014లలో జాక్ వైట్ సంస్థ థర్డ్ మాన్, రెవనెంట్ అనే మరో సంస్థతో కలిసి పారమౌంట్ చరిత్రను రెండు సంపుటాలుగా వెలువరించింది. ఒక్కోదానిలో ఎనిమిదివందల పాటలు. మొదటి సంపుటి పాత గ్రామఫోను పెట్టెను తలపించే ఓక్ చెక్కపెట్టెలో వచ్చింది. వెల 400 డాలర్లు. ఆ పాటల ప్లేట్లు కొత్తగా వచ్చినప్పుడు ఒక్కోదాని వెల 75 సెంట్లు. 2013లోనే టామీ జాన్సన్ పారమౌంట్ ప్లేటు ఒక్కటి వేలంలో 37,100 డాలర్లు పలికింది. జాన్సన్ చనిపోయింది 1956లో.

నేను ఆ సంపుటాల విలువను తక్కువచేయడం లేదు. అవి లేకపోతే ఎన్నో గొంతులు మనకు చేరవు. కాని ఆ పెట్టెను చూసినప్పుడు, పెట్టె అమ్ముకోవడానికే పాటలను అచ్చువేసిన ఆ కుర్చీల కంపెనీ గుర్తుకు రాక మానదు. తొంభై ఏళ్ళ తర్వాత కూడా మనం పెట్టెను చూసి మురిసిపోతే, గరగరను విని పరవశిస్తే, కంపెనీ చేసిన పొరపాటే మనమూ చేసినట్టు. ఈసారి ‘డెవిల్ గాట్ మై ఉమన్’ వినేటప్పుడు ఆ నాలుగో తీగ మీది సాధారణగాంధారాన్ని వెతకండి. ఒకసారి దొరికిందంటే, ఆ తీగను అలా బిగించుకున్న మనిషి మీకు వినిపిస్తాడు. రొద ఆయనది కాదు. ఆ గాంధారం ఆయనది.